దమనకుని నాలుక, పింగళకుని చెవి

ప్రతి కార్యాలయమునకు రెండు హాజరు పట్టికలుండును. మొదటిది బల్లమీద ఉండును. ఎవరెన్ని గంటలకు వచ్చిరో, ఎవరు సెలవులో ఉన్నారో అది చెప్పును. రెండవది కంటికి కనబడదు. పైయధికారి గదిలోనికి పిలువకుండ పోగలవాడెవడు, పిలిచినను తలుపు బయట నిలువవలసినవాడెవడు, ఎవని మాట విన్న పిమ్మట ఎవని దరఖాస్తు త్రిప్పిపంపబడును అను సంగతులు అందులో ఉండును. క్రొత్తగా ఉద్యోగములో చేరినవాడు మొదటి పట్టికలో సంతకము చేయుట మొదటి దినముననే నేర్చుకొనును. రెండవ దానిని చదువ నేర్చుటకు వానికి కొన్ని మాసములు పట్టును. కొందరికి ఉద్యోగజీవితమంతయు గడచినను ఆ చదువు అబ్బదు.

ఈ రెండవ పట్టికలో తమ పేరు పైకెక్కించుకొనుటకై పాటుపడువారు అన్ని చోట్లను ఉన్నారు. వారి పనిని నేడు 'ఆఫీసు రాజకీయము' అనుచున్నారు. పేరు క్రొత్తదే గాని పని ప్రాతది. ఏ కార్యాలయము వెనుకనున్న టీ దుకాణమునకు పోయినను వారిని గురించిన నిందయే వినబడును. నిందించుట సులభము. కాని నిందించినందువలన వారి సంఖ్య తగ్గిన జాడ ఎక్కడను లేదు. కావున ప్రశ్ననే మార్చి చూచుట మేలు. వారెందుకట్లు చేయుచున్నారని అడుగుట చాలదు. వారు చేసినది ఎందుకు ఫలించుచున్నదని అడుగవలెను.

ముందుగా ఒక సందేహము తీరవలెను. పలుకుబడి కోరుట దోషమా? కాదు. పదిమంది కలిసి పనిచేయు చోట ఎవరి మాటకో కొంత బరువు ఉండక తప్పదు. ఇరువదియేండ్లు లెక్కలు చూచిన ముసలి సూపరింటెండెంటు 'ఈ బిల్లు నిలువదండీ' అన్నచో నిన్న వచ్చిన అధికారి కలము ఆపుట సబబే. అది అనుభవమునకు దక్కిన గౌరవము. కొలువులో మెలకువతో మెలగుటయు దోషము కాదు. విరాటపర్వములో పాండవులు అజ్ఞాతవాసమునకు బయలుదేరునపుడు ధౌమ్యుడు వారికి కొలువు ధర్మములను బోధించును. ఏలిక ఆసనము నెక్కరాదు, అడుగని సలహా చెప్పరాదు, రహస్యమును వెలిపుచ్చరాదు, అంతఃపురము వారితో చెలిమి కూడదు, ఇట్టివి ఆ బోధలోని మాటలు. ఆ ఘట్టమును తెలుగు చేసిన తిక్కనకు అది కేవలము గ్రంథములో చదివిన విద్య కాదు. నెల్లూరి మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడాయన. ప్రభువు రాజ్యము కోల్పోయినపుడు ఓరుగల్లుకు పోయి గణపతిదేవుని సాయము సంపాదించెనని సంప్రదాయము చెప్పుచున్నది. సభల లోతు తెలిసిన ఆ కవి చేతిలో ధౌమ్యుని మాటలకు అనుభవము యొక్క బిగువు వచ్చినది. ఆ బోధకు సారము సేవకుడు తన నడవడిని తాను కాచుకొనుట. తోటివానిని పడద్రోసి నీవు పైకి రమ్మనుట కాదు.

మెలకువకును కుటిలనీతికిని సరిహద్దు అక్కడనే ఉన్నది. తన పనిని చూపి మెప్పు పొందువాడు మెలకువ గలవాడు. ఎదుటివాని పనిని దాచియో, వంకరగా చూపియో మెప్పు పొందువాడు రెండవ తెగవాడు. వీరిద్దరిని వేరుచేయుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. మొదటివాని మాటను పదిమంది ముందు చెప్పినను చెల్లును. రెండవవాని మాట చాటున చెప్పిననే చెల్లును.

ఈ రెండవ తెగవాని పనిముట్లు ఎక్కువ లేవు. మొదటిది ద్వారము. ఏ కాగితము అధికారి బల్లమీదికి ముందు పోవలెనో, ఏ సందర్శకుడు రేపు రావలెనో నిర్ణయించు చోటును చేజిక్కించుకొనుట. హోదా చిన్నదైనను చింతలేదు. తలుపు దగ్గర ఉన్న చాలును. రెండవది పొత్తు. ఒకే కులమువారు, ఒకే జిల్లావారు, ఒకే కళాశాలలో చదివినవారు 'మనవాడు' అను ఒక్క మాటతో ముడిపడుదురు. బదిలీల ఋతువు వచ్చినపుడు ఆ మాటకు ధర పెరుగును. మూడవది పరుల కష్టమును తన ఖాతాలో జమచేసికొనుట. రాత్రి పది గంటల దాక కూర్చుండి నివేదిక తయారుచేసినవాడొకడు. తెల్లవారి దానిని చేతబట్టుకొని గదిలోనికి పోవువాడు మరియొకడు. 'నేనే దగ్గరుండి చేయించాను సార్' అని ఆ రెండవవాడు అనును. ప్రేరణార్థక క్రియకు ఇంతటి ప్రయోజనము కలదని వ్యాకరణకర్తలు ఊహించియుండరు.

నాలుగవ పనిముట్టు అన్నింటికంటె పదునైనది. అది సగము వాక్యము. 'ఆయన మంచివాడే సార్, కాని...' అని ఆగుట. 'పోనీండి, నాకెందుకు, చెబితే బాగుండదు' అని వెనుదీయుట. వినువాడు బలవంతపెట్టును. బలవంతపెట్టి చెప్పించుకొన్న మాట నిజమని తోచుట మనుష్యస్వభావము; తనంత తాను వచ్చి చెప్పినచో అదే మాటను అతడు శంకించియుండును. ఆ మీదట 'నిప్పు లేనిదే పొగ రాదు కదా సార్' అని సామెతను సాక్ష్యమునకు పిలుచుట. ఆ సామెతను పుట్టించిన పల్లెటూరివాడు కార్యాలయములను ఎరుగడు. నిప్పు అక్కరలేకుండ పొగ పుట్టించుటయే ఇచ్చటి వృత్తివిద్య.

ఈ విద్యను గురించి తెలుగులో పాఠ్యపుస్తకము లేకపోలేదు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. మిత్రలాభము, మిత్రభేదము అను దాని రెండు భాగములను తరతరముల తెలుగు విద్యార్థులు చదివిరి. సంధులు విడదీసిరి, సమాసములకు విగ్రహవాక్యములు చెప్పిరి, పరీక్షలలో గట్టెక్కిరి. వారిలో ఎందరో పిదప గుమాస్తాలైరి, అధికారులైరి. మిత్రభేదము నిజమునకు ఒక కొలువు కథయని మాత్రము వారిలో కొద్దిమందియే గుర్తించి ఉందురు.

కథ అందరికి తెలిసినదే. పింగళకుడను సింహము అడవికి ఏలిక. యజమాని అడవిలో విడిచిపోయిన సంజీవకుడను ఎద్దు రంకె విని అది భయపడును. నీరు త్రాగవచ్చినది త్రాగకయే నిలిచిపోవును. ఆ భయము నెవరికిని చెప్పదు. కరటక దమనకులను నక్కలలో దమనకుడు దానిని కనిపెట్టును. అదియే వానికి దొరికిన తలుపు సందు. ఏలిక దాచుకొన్న భయమును తెలిసికొన్నవానికి కొలువులో ఎదురుండదు. దమనకుడు మొదట మేలే చేయును. ఎద్దును పిలిచికొని వచ్చి సింహముతో చెలిమి కలుపును. చిక్కు ఆ పిమ్మట వచ్చినది. సింహమునకు ఎద్దు ప్రాణమిత్రమైనది. నక్కలకు మునుపటి ఆదరము తగ్గినది. తాను కూర్చిన చెలిమిని తానే విడగొట్టుటకు దమనకుడు పూనుకొనెను.

వాడు ఆ పని చేసిన తీరును నిదానముగా పరికింపవలెను. ఎద్దు నీమీద ద్రోహము తలపెట్టినదని సింహముతో చెప్పును. సింహము నిన్ను చంపదలచినదని ఎద్దుతో చెప్పును. అంతటితో విడువడు. ఎదుటివాని యాకారములో ఏ గుర్తులు కనబడినచో ఈ మాట నిజమని నమ్మవలెనో కూడ ఇద్దరికిని నేర్పును. ఇక కలిసికొన్నపుడు ఎద్దు జంకుచు, కొమ్ములు సవరించుకొనుచు వచ్చును. సింహము బిగిసి కూర్చుండి చూచును. ఒకరి భయము రెండవవారికి ద్రోహమునకు నిదర్శనముగా కనబడును. దమనకుడు చెప్పినది మొదట అబద్ధము. వారిద్దరు దానిని నమ్మిన క్షణమున నిజమైపోయినది. నేటి కార్యాలయములలోను ఇదియే జరుగుచున్నది. 'సార్‌కు మీ మీద కోపముగా ఉంది' అని విన్న ఉద్యోగి నాలుగు దినములు గదివైపు పోవుట మానును. 'ఆయన మిమ్ములను లక్ష్యపెట్టడము లేదు' అని అంతకుముందే విన్న అధికారి ఆ నాలుగు దినములను లెక్కపెట్టుచుండును.

ఇక కథ ముగింపు. దానిని చాలమంది మరచిపోయినారు. దమనకునకు శిక్ష లేదు. ఎద్దును చంపి సింహము పశ్చాత్తాపపడుచుండగా వాడే దగ్గర కూర్చుండి ఓదార్చును. ఎద్దు ప్రాణము పోయినది. సింహమునకు నమ్మదగిన చెలికాడు పోయెను. నక్కకు పోయినదేమియు లేదు. నీతికథలో దుష్టుడు దండింపబడకపోవుట వింతగా తోచవచ్చును. కాని ఆ కథలెవరి కొరకు పుట్టినవో తలచుకొన్నచో వింత తొలగును. విష్ణుశర్మ వానిని నక్కపిల్లలకు చెప్పలేదు, రాజకుమారులకు చెప్పెను. రేపు గద్దె యెక్కి వినవలసినవారికి చెప్పెను. దమనకుని వంటివారు ఉందురు. వారిని లేకుండ చేయుట ఎవని తరము కాదు. సరిదిద్దుకొనవలసినది పింగళకుడు చేసిన తప్పును. ఆ తప్పు ఒక్కటే. ఎద్దును పిలిచి, 'నీమీద ఇట్లు చెప్పిరి, నీవేమందువు?' అని అడుగలేదు.

కార్యాలయములలోని కుటిలనీతికి వేరు పైకెక్కదలచినవాని నాలుకలో లేదు. వాని మాటను చాటున విని, చాటుననే తీర్పు చెప్పు పైవాని చెవిలో ఉన్నది. లంచమిచ్చువాడున్నంత మాత్రమున లంచము నడువదు, పుచ్చుకొను చేయి ఉండవలెను. చాడియు అంతే.

చరిత్రలో దీనికి తార్కాణములు కొల్లలు. విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజు వ్రాసిన వృత్తాంతములో తిమ్మరుసును గురించి రెండు ఘట్టములున్నవి. శ్రీకృష్ణదేవరాయలు యువకుడుగా ఉన్నపుడు ఆయన కన్నులు తీయింపుమని ఆజ్ఞ కాగా తిమ్మరుసు మేక కన్నులు చూపి ఆయనను కాపాడెనని మొదటిది. రాజకుమారుడు మరణించినపుడు విషప్రయోగమను అనుమానము తిమ్మరుసు కుటుంబముపై పడగా రాయలు ఆయనను చెరపెట్టి కన్నులు తీయించెనని రెండవది. వీనిలో కథ ఎంత, చరిత్ర ఎంత అని పండితులు తర్కింతురు గాక. ఆ రెండు ఘట్టములను పక్కపక్కన పెట్టి తలచుకొను తెలుగువాని గుండె నేటికిని కలుక్కుమనును. ఒక జీవితకాలపు సేవ ఒక్క అనుమానము బరువునకు ఆగలేకపోయినది.

గోలకొండ కథ మరియొక విధమైనది. మాదన్న చిన్న ఉద్యోగముతో ఆరంభించి సయ్యద్ ముజఫరు అను ప్రముఖుని కొలువులో వ్రాతకోతల పనిమీద పైకి వచ్చెను. 1672లో అబుల్ హసన్ తానీషా గద్దె యెక్కుటకు తోడ్పడినవారిలో ముజఫరు ముఖ్యుడు. కొలది యేండ్లకే ఆ ముజఫరు పదవి ఊడినది, తోడ్పడినవాడు మాదన్న, ఆ పదవి మాదన్నకే దక్కినది. ఆయన అసమర్థుడు కాడు. లెక్కలలోను, రాబడి వ్యవహారములలోను దిట్టయని చరిత్రకారులు ఒప్పుకొనుచున్నారు. అన్న అక్కన్నకు ప్రాముఖ్యము వచ్చినది. భద్రాచల రామదాసుగా లోకమెరిగిన గోపన్న ఆయన మేనల్లుడని ప్రతీతి. కాని ఏ దారిన పైకి వచ్చెనో ఆ దారి ఆయన వెనుక మూతపడలేదు. మొగలు సైన్యము దండెత్తి వచ్చిన 1685–86 నాటి సంక్షోభములో, సభలోని విరోధులు పన్నిన కుట్రకు అన్నదమ్ములిద్దరు గోలకొండ వీథులలో బలియైరి. 1687లో కోటయే పడిపోయినది. సభలో తెరవెనుక నడిచిన తంత్రములే గోలకొండను పడగొట్టినవని చెప్పుట అతిశయోక్తి. ఔరంగజేబు సైన్యము ఎట్లును వచ్చియుండెడిది. కాని శత్రువు గుమ్మము ముందున్న వేళ లోపలివారు ఒకరినొకరు కనిపెట్టుకొనుటలో మునిగియుండిరనుట అబద్ధము కాదు.

పాలించువారికి ఈ జబ్బు తెలియనిది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రములో ఉద్యోగులను గురించి రెండు భయములను చెప్పెను. వారు మిక్కిలి కలిసికట్టుగా ఉన్నచో ప్రభువు ధనమును పంచుకొని తిందురు. కలహించుకొన్నచో పని చెడగొట్టుదురు. కావున రెండును కాకుండ చూడవలెను. ఈ సూక్ష్మమును సగమే గ్రహించిన అధికారులు లోకములో పలువురు. క్రిందివారు కలియకున్న చాలును, తన కుర్చీకి భయము లేదనుకొందురు. ఒకని మీది మాటను మరియొకని చేత చెప్పించుకొని దానిని పరిపాలనాదక్షత అనుకొందురు. కౌటిల్యుడు చెప్పిన రెండవ భయము వారికి కనబడదు. పని చెడుచున్నదన్న వార్త వారికి కడపట తెలియును. ఏలయన ఆ వార్తను తీసికొని రావలసినవారు అప్పటికే నోరు మూసికొనియుందురు.

బ్రిటిషువారు ఈ చాటు చెవికి ఒక కాగితపు రూపము నిచ్చిపోయిరి. దాని పేరు కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. ఏడాదికొకసారి పైయధికారి క్రిందివానిని గురించి వ్రాయును. వ్రాయబడినవానికి అది చూపరు; తీవ్రమైన నింద ఉన్నచో మాత్రము తెలియజేయుదురు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఎన్నో దశాబ్దములు ఆ పద్ధతియే సాగినది. సరిహద్దు రహదారుల శాఖలోని ఒక ఇంజనీరు విషయమున దాని విపరీతము బయటపడినది. పై పదవికి 'చాల మంచివాడు' అన్న మాట కావలెను. ఆయనకు 1993–94లో 'మంచివాడు' అని వ్రాసిరి. అది నింద కాదు గనుక తెలియజేయలేదు. తెలియజేయలేదు గనుక ఆయన మొరపెట్టుకొనలేదు. పదవి మాత్రము తప్పినది. 'మంచివాడు' అన్న మాటయే ఒక ఉద్యోగికి కీడు చేయగలదని లోకమునకు అప్పుడు తెలిసినది. 2008 మే నెలలో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, మంచిదైనను చెడ్డదైనను ప్రతి వ్రాతను ఆ ఉద్యోగికి తెలియజేయవలెననెను. 2009లో కేంద్రప్రభుత్వము ఆ నివేదిక పేరు మార్చి, దానిని పూర్తిగా ఉద్యోగికి చూపవలెనని ఉత్తరువు చేసెను.

నోటిమాట విషయమునను ఇట్టి మేలుకొలుపే కలిగినది. మాజీ కేబినెట్ కార్యదర్శి టి. ఎస్. ఆర్. సుబ్రమణియన్ మొదలైనవారు వేసిన వ్యాజ్యమున 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఉద్యోగులు నోటి ఆజ్ఞల మీద పనిచేయరాదనియు, అట్టి ఆజ్ఞలను కాగితము మీద నమోదు చేయవలెననియు చెప్పినది. ఈ రెండు తీర్పులను కలిపి చదివినచో వాని సారము విష్ణుశర్మ చెప్పిన దానికి దూరముగా లేదు. విన్నదానిని వ్రాయుము; వ్రాసినదానిని చూపుము; చూపి జవాబు వినుము.

ప్రభుత్వ కార్యాలయములకే ఈ జబ్బు పరిమితమనుకొనువారు హైదరాబాదు పడమటి అంచున వెలసిన అద్దాల మేడలలో పనిచేయు పిల్లలను అడుగవచ్చును. అచ్చట ఫైళ్ళకు బదులు కంప్యూటర్లు, చీటీలకు బదులు సెల్‌ఫోనులోని సందేశములు. అధికారిని 'సార్' అని పిలువరు, పేరు పెట్టి పిలుతురు. అంతమాత్రమున రెండవ పట్టిక లేకపోలేదు. ఒక బృందములో ఇంతమంది ఉత్తములు, ఇంతమంది మధ్యములు, ఇంతమంది అధములు ఉండితీరవలెనని ముందుగనే లెక్కగట్టి ఉద్యోగులను వరుసపెట్టు పద్ధతి కొన్ని సంస్థలలో నడిచినది. అట్టి చోట తోటివాడు బాగుగ పనిచేయుట తన జీతమునకు గండియగును. సాయపడవలసిన చేయి వెనుకకు పోవును. మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ పద్ధతిని చాలకాలము నడిపి, దానివలని నష్టములను గురించి బహిరంగముగ విమర్శలు వచ్చిన పిమ్మట, 2013 నవంబరులో విడిచిపెట్టినది. మనుష్యులు చెడ్డవారగుటచేతనే కుటిలనీతి పుట్టుననుట పూర్తిగా నిజము కాదు. తోటివాని ఓటమిని తన గెలుపుగా లెక్కించు నిబంధనయు దానిని పుట్టించును.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రాగలవు. వ్రాసినదంతయు చూపవలసివచ్చినచో అధికారులు నిజము వ్రాయుటకు జంకి అందరిని 'అత్యుత్తములు' అని వ్రాయుదురు గదా అనునది మొదటిది. ఇందులో కొంత నిజమున్నది. ఎదుటివాని కండ్లలోనికి చూచి 'నీ పని చాలదు' అని చెప్పుటకు ధైర్యము కావలెను. కాని ఆ ధైర్యము లేనివాని చేతికి రహస్యముగ వ్రాయు కలమిచ్చుట ఏ విధముగ మేలు? మొగము మీద చెప్పలేని మాట చాటున వ్రాసినంత మాత్రమున నిజమైపోదు. అతిగా పొగడు నివేదికవలన జరుగు నష్టము పైకి కనబడును, దానిని దిద్దవచ్చును. కనబడని నిందవలని నష్టమును దిద్దువారెవరు?

రెండవ ఆక్షేపణ లోకజ్ఞులది. 'తనను గూర్చి తాను చెప్పుకొనలేనివాడు వెనుకబడక ఏమగును? నోరున్నవాడే బ్రతుకును' అందురు. ఇందులోను కొంత నిజమున్నది. తలవంచుకొని పనిచేసి, చేసినది చెప్పుకొనుట నామోషీ అనుకొని, ఏండ్లు గడచిన పిమ్మట 'నన్నెవరు గుర్తింపలేదు' అని వగచువారు కలరు. పని చేసినవాడు దానిని తేటగా చెప్పుట ఆత్మస్తుతి కాదు, లెక్క యొప్పగించుట. వారు చెప్పవలెను. కాని వారు చెప్పకుండుటకు బిడియమొక్కటే కారణము కాదు. చెప్పినచో వినబడదని, విన్నవాడు మరియొకని అడిగి గాని నమ్మడని వారికి అనుభవము నేర్పినది. ద్వారము దగ్గర దమనకుడు కూర్చున్న చోట సంజీవకుని గొంతు ఎంత పెద్దదైనను లోపలికి రంకెగానే వినబడును.

మరి చేయవలసినదేమి? చట్టములు, తీర్పులు కాగితము వరకు వచ్చి ఆగును. గదిలో జరుగు సంభాషణను అవి కాయలేవు. అచ్చట అధికారి తనకు తానే నిబంధన పెట్టుకొనవలెను. అది కష్టసాధ్యము కాదు. ఎవడైనను మరియొకనిపై మాట చెప్పవచ్చినపుడు, 'ఈ మాట ఆయన ఎదుట చెప్పగలవా?' అని ఒక్క ప్రశ్న అడిగిన చాలును. చెప్పగలనన్నచో ఇద్దరిని కూర్చుండబెట్టి వినవలెను. వెనుదీసినచో అక్కడితో దానిని విడువవలెను, మనస్సులోను నిలుపుకొనరాదు. తప్పు నిజముగా జరుగుచున్నపుడు, క్రిందివాడు పైవాని అక్రమమును బయటపెట్టదలచినపుడు, ఎదుట చెప్పుట ప్రమాదము కావచ్చును. అట్టి ఫిర్యాదును రహస్యముగనే పుచ్చుకొని విచారింపవలెను. అయినను దానికిని విచారణ యున్నది, కాగితమున్నది, జవాబు చెప్పుకొను అవకాశమున్నది. చాడికి ఈ మూడును ఉండవు. అన్నింటికి మించి, మాట మోసికొని వచ్చినవానికి ఆ మోతకూలి దక్కనీయరాదు. వాని పదోన్నతి వాని పనిమీదనే నిలువవలెను. ఈ సంగతి ఒక్కయేడు కార్యాలయమున అందరు చూచినచో, మరుసటి యేడు మోసికొని వచ్చువారు సగమగుదురు. చాడి ధర్మముచేత తగ్గదు, గిరాకి లేక తగ్గును.

తోటి ఉద్యోగుల బాధ్యతయు కొంత కలదు. అధికారి చెవిని తిట్టువారు తమ చెవులను టీ దుకాణమున అప్పగించుచున్నారు. అచ్చట విన్నది వారు నమ్మరు. కాని మరియొకనితో అనక మానరు. మూడు నోళ్ళు దాటిన మాట నాలుగవవాని చెంత లోకాభిప్రాయమగును. ఎవరు పుట్టించిరో తెలియని ఆ లోకాభిప్రాయమే తుదకు గదిలోనికి పోయి 'అందరు అనుకొంటున్నారు సార్' అని నిలుచును.

ఇదంతయు ఉద్యోగుల లోపలి తగవు, బయటివారికి దీనితో నిమిత్తమేమని అనుకొనుట పొరపాటు. పింఛను కాగితముల కొరకు నాలుగవసారి వచ్చి బల్ల ముందు నిలిచిన వృద్ధురాలికి, ఆ కాగితము రెండు విభాగముల మధ్య ఎందుకు ఆగినదో ఎవరును చెప్పరు. ఒక విభాగమువాడు సంతకము చేసినచో రెండవ విభాగమువానికి పేరు వచ్చునని ఆగియుండవచ్చును. పనిచేయగల గుమాస్తాను ఎవరి మాటమీదనో మూలవిభాగమునకు మార్చి, ఆ చోట పని తెలియనివానిని కూర్చుండబెట్టినందున ఆగియుండవచ్చును. 'రేపు రామ్మా' అన్న మాట మాత్రము ఆమెకు వినబడును. ఆమె బస్సు చార్జీ పెట్టుకొని రేపు వచ్చును. గదిలో గెలిచినవారెవరైనను, ఓడినవారిలో ఆమె తప్పక ఉండును.

పదవీవిరమణ సభలలో అధికారులకు పూలదండలు వేసి శాలువలు కప్పుచుందురు. వక్తలలో తరచుగ మొదట లేచువాడు చెవి దగ్గర మెలగినవాడే. మరునాడు వాడు క్రొత్త అధికారి గదిలో, కాగితములు సర్దుచు, ఆయన ఏ శబ్దమునకు ఉలికిపడునో కనిపెట్టుచుండును. ఇంటనున్న పాత అధికారి ఆ ఊరి సంతలో ఏనాడో ఒక మనుష్యుని ఎదుర్కొనును. తాను విన్న ఒక మాటమీద దూరపు ఊరికి బదిలీ చేసినవానిని. అతడు నమస్కరించి తొలగిపోవును. అడుగవలసిన ప్రశ్న అప్పుడు గుర్తునకు వచ్చును. అది అడుగుటకు ఆయనకు ముప్పదియేండ్ల అధికారమును, ఒక గదియు, ఎదురుగ ఒక కుర్చీయు ఉండెను.